చెదలు తినని రిజిస్టరు

మా ఇంట్లో అటక మీద ఒక కాగితపు బుట్ట ఉంది. తూకం వేస్తే పావుసేరు కూడా తూగదు. దాన్ని నేను యాభై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. ఇల్లు మారిన ప్రతిసారీ మా ఆవిడ "ఇంక గీ పాత బుట్టెందుకు, పారెయ్యరాదా" అనేది. నేను పారెయ్యలేదు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడిని. ఆమె పోయి ఏడేళ్ళయింది. ఆమెకు చెప్పనిది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. పిరికివాడికి ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను కుమిలిపోతూ బతికిన మనిషిని కాను. కడుపునిండా తిన్నాను, కంటినిండా నిద్రపోయాను. డ్రాయింగు మాస్టరుగా చేరి, డ్రాయింగు మాస్టరుగానే దిగిపోయాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇప్పటికీ దారిలో ఆగి "బుట్టల సారు" అని దండం పెడతారు. ఆ పిలుపు నాకు ఇష్టం. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా ఇష్టం. అసలు బాధ అక్కడే ఉంది. ఆ పేరు నాది కాదు.

పోలీసు చర్య అయిన ఆ చలికాలంలో నాకు ఉద్యోగం వచ్చింది. ఇరవై రెండేళ్ళవాడిని. హుజూర్‌నగర్‌లో పుట్టి, అందరిలాగే ఉర్దూలో చదువుకున్నాను. సూర్యాపేటలో ఒక బడిలో వేశారు. గొడవల్లో చాలా రోజులు మూతపడి, అప్పుడే మళ్ళీ తెరిచిన బడి. మొదటి రోజు వెళ్ళి చూస్తే కాగితం లేదు, రంగులు లేవు, కుంచెలు లేవు. ఉన్నవల్లా నేనూ, నల్లబల్లా, అరిగిపోయిన సుద్దముక్కలూ. ఏ క్లాసుకు ఏ బొమ్మ నేర్పాలో చెప్పే పాత పట్టీ ఒకటి మాత్రం ఉంది. అందులో ఏడో తరగతికి చాయ్ కెటిలు వేయించమని రాసి ఉంది. మా పిల్లల్లో సగంమంది చాయ్ తాగి ఎరుగరు. కెటిలు ఎట్లా ఉంటుందని వాళ్ళడిగితే, నిజం చెప్పాలంటే నేనూ ఒకటి రెండుసార్లే చూశాను.

అందుకని పట్టీని పక్కన పెట్టేశాను. పిల్లలను గోడలకు వేసే ఎర్రటి జాజు తెమ్మన్నాను. సున్నం, పసుపు, దీపం మసి తెచ్చారు. చిక్కుడాకు దంచి పసరు తీశారు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు తిరగడం ఇళ్ళలో రోజూ చూసేదే అయినా, బడిలో చూసేసరికి గంతులు వేశారు. వారం తిరిగేలోపు మాకు ఐదు రంగులు సమకూరాయి. బొమ్మ వేయడానికే కాగితం లేదు. బడి అరుగు మీద వేశాం, కుండపెంకుల మీద వేశాం, చివరికి ఒకడి వీపు మీద కూడా వేశాం. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

ఒకరోజు వెనక నుంచి ఒక అమ్మాయి లేచి, "సారూ, కాయితం గుజ్జుతోని బుట్టలు జేస్తే దాని మీద ఎయ్యొచ్చు గద" అంది.

ఆ అమ్మాయి సారమ్మ. ఆత్మకూరు దగ్గర పల్లె. కూలికి పోయే కిరస్తానీ కుటుంబం. ఆలస్యంగా బడికి రావడం వల్ల అందరికంటే పెద్దది, పదిహేనేళ్ళు ఉంటాయి. పొద్దున్నే నడిచి వచ్చేది. గోడ పక్కన, మిగిలినవాళ్ళకు కొంచెం ఎడంగా కూర్చునేది. ఎవరు అక్కడ కూర్చోమన్నారో నేను అడగలేదు. నేను చేరేనాటికే ఆమె చోటు అది.

ఎట్లా చేస్తారని అడిగాను. చేటల సందులు మూయడానికి వాళ్ళమ్మ కాగితం, మెంతులు కలిపి రుబ్బి మెత్తుతుందట. అదే గుజ్జును బోర్లించిన కుండ మీద మందంగా మెత్తి ఎండబెడితే బుట్ట ఊడి వస్తుందట. "మెంతులు రాత్రే నానెయ్యాలె సారూ, తక్కువేస్తే పట్టు రాదు, పురుగు గూడ కొడ్తది" అని నాకు పాఠం చెప్పింది. నాకు అలాంటివేమీ తెలియవు. నేర్చుకున్నాను. ఇందులో దాచడానికేం ఉందని అనుకుంటున్నారు కదా? తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎంతమందికి నేర్పానో లెక్కలేదు. ఒక్కరికీ ఇది నాకు సారమ్మ నేర్పిందని చెప్పలేదు.

మొదటి బుట్టలు పాత ఉర్దూ పాఠాల కాగితాలతో చేశాం. హెడ్మాస్టరు బందరు వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. ఉర్దూ అక్షరం ముక్క రాదు. బీరువా తెరిచి చూపించి, "ఇవన్నీ ఏం చేసుకుంటామండీ మాస్టారూ, మీ బుట్టలకు వాడేసుకోండి. రిజిస్టర్లు మాత్రం జాగ్రత్తగా తీసి పెట్టండి. ఏది ఏమిటో మీకే తెలుసు" అని తాళంచెవి నా చేతికిచ్చాడు. అవును, నాకే తెలుసు. మాస్టర్లలో ఉర్దూ చదవగలిగినవాడిని నేనొక్కడినే.

రోలు ఒకటే దొరికింది. దాని చుట్టూ ఇరవైమంది పిల్లలు. గోడ పక్కన కూర్చునే వాళ్ళూ, ముందు బల్లల వాళ్ళూ ఒకే గుజ్జులో మోచేతుల దాకా చేతులు పెట్టారు. ఎవరూ ఎవరినీ జరగమనలేదు. నేనేదో గొప్ప పని చేశానని అప్పుడు పొంగిపోయాను. ఇప్పటికీ ఆ ఒక్క దృశ్యం నా లోపల చల్లగా ఉంటుంది. నేను చేసిన పనితో అది కూడా చెడిపోయిందా? లేదనే అనుకుంటాను. అనుకోవాలని ఉంది కాబట్టి అనుకుంటున్నానేమో.

పరీక్షలు అయిపోయాయి. పైచదువులకు వెళ్ళే ఇద్దరు ముగ్గురు వెంటనే దాఖలా సర్టిఫికెట్లు తీసుకున్నారు. మిగిలిన ఏడో తరగతి పిల్లలు బుట్టల కోసం రోజూ వస్తూనే ఉన్నారు. అప్పుడు ఇన్స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. నాలుగు రోజులే గడువు. హెడ్మాస్టరు చెల్లెలి పెళ్ళికని ఊరెళ్ళాడు. పిల్లలందరికీ తలా ఒక బుట్ట ఉండాలని నా పట్టుదల. సగం బుట్టల దగ్గరే కాగితం అయిపోయింది.

బీరువాలో పక్కన పెట్టిన రిజిస్టరు కనబడింది. దాఖలా రిజిస్టరు. బడిలో చేరిన ప్రతి ఒక్కరి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన రోజు, ఏ తరగతి ఎప్పుడు పాసైందీ అన్నీ ఉర్దూలో ఉండే పెద్ద పుస్తకం. మందమైన, మంచి కాగితం. గుజ్జుకు అంతకంటే మంచిది సూర్యాపేటలో దొరకదు.

అది ఏమిటో తెలియక చింపానని చెబితే సుఖంగా ఉండేది. తెలిసే చింపాను. బడి తెరిచాక కొత్త రిజిస్టరు తెలుగులో రాస్తారు, ఉన్న పిల్లలను అడిగి రాసుకుంటారు, రాజ్యమే పోయింది, రాజ్యం పుస్తకం ఎవడికి కావాలి అని నాకు నేను చెప్పుకున్నాను. బడి విడిచి వెళ్ళేవాళ్ళ సంగతి మనసుకు తట్టలేదు. తట్టలేదా? తట్టి ఉంటుంది. ఇన్స్పెక్టరు మెచ్చుకోలు ఇంకా గట్టిగా తట్టింది.

పుస్తకం కుట్లు విప్పి కాగితాలు పంచాను. ఒకడు చదివి కేక వేశాడు, "అరే, గిండ్ల నా పేరున్నది!" అంతే. పిల్లలందరూ ఎవరి పేరు వాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. దొరికినవాడు దొరికినట్టు చింపి రోట్లో వేయడం, నా పేరు దంచుతున్నానని రోకలి ఎత్తడం, నవ్వులు. సారమ్మ తన కాగితం దొరికాక కాసేపు చూసుకుంది. వాళ్ళ నాయన పేరు అంత చక్కగా రాసి ఉండటం మొదటిసారి చూశానంది. తర్వాత అందరిలాగే ముక్కలు చేసి వేసింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. అది పెద్దలకు చెల్లుతుంది. పిల్లల పిడికిళ్ళను నేను లెక్కలోకి తీసుకోను. పాపమంతా నాదే.

సిరా కలవడం వల్ల ఆ గుజ్జు కొంచెం నీలంగా వచ్చింది. దాని మీద జాజు, సున్నపు చుక్కలు ఎంత అందంగా నిలిచాయో చెప్పలేను. ఇన్స్పెక్టరు ఒక్కొక్క బుట్టనూ చేతిలోకి తీసుకుని చూశాడు. సారమ్మ చేసిన బుట్ట అన్నిటికన్నా పలచగా, గట్టిగా ఉంది. అంచు చుట్టూ తెల్లగా వడ్లకంకులు వేసింది. హెడ్మాస్టరు తిరిగి వచ్చాక దాన్ని తన బల్ల మీద కలాలు పెట్టుకోవడానికి ఉంచుకున్నాడు. ఆ ఎండాకాలం తర్వాత, బుట్టలు నేర్పి రమ్మని నన్ను నాలుగేసి రోజులు కోదాడ పంపారు, మిర్యాలగూడ పంపారు. అక్కడి బడుల్లో పిల్లలతో బుట్టలు చేయించాను. ఎక్కడికెళ్ళినా మర్యాదే. కోదాడలో అయితే "మీ ఊహేనాండీ ఇదంతా?" అని అడిగారు. తల ఊపాను.

ఎండాకాలం సెలవులయ్యి బడి తెరిచినప్పుడు హెడ్మాస్టరు రిజిస్టరు అడిగాడు. చెదలు తినేసిందన్నాను. నోటికి అదే వచ్చింది. ఆయన నొచ్చుకుని, కొత్త పుస్తకం మొదలుపెట్టి, ఉన్న పిల్లల పేర్లు రాయించాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఏడాది చివర్లో సారమ్మ వచ్చింది.

నన్ను హెడ్మాస్టరు గదిలోకి పిలిస్తే వెళ్ళాను. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చెప్పులు బయట విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని. వాళ్ళ కుటుంబం మిర్యాలగూడ వైపు పనికి వలస పోయిందట. కోదాడ అవతల ఒక మిషన్ దవాఖానలో నర్సు పని నేర్పుతారట. ఏడు పాసైనట్టు, పదహారు నిండినట్టు కాగితం ఉంటే చేర్చుకుంటారట. వారంలో వెళ్ళాలి.

"ఈ అమ్మాయి మన దగ్గర ఏడు చదివిందంటోంది మాస్టారూ," అన్నాడు హెడ్మాస్టరు. "అప్పుడు నేనొచ్చిన కొత్త, నాకు పిల్లల ముఖాలు గుర్తులేవు. అప్పటి మాస్టర్లలో మిగిలింది మీరొక్కరే. రిజిస్టరు చూద్దామంటే అది లేదాయె. మీరు ఎరుగుదుననండి, ఇద్దరం సంతకాలు పెట్టి కాగితం ఇచ్చేద్దాం. అయితే పాత రిజిస్టరు ఎలా పోయిందో పైకి రాయాల్సి ఉంటుంది. వాళ్ళొచ్చి చూసుకుంటారు."

వాళ్ళొచ్చి చూసుకుంటారు. నాకు ఆ మాట ఒక్కటే వినిపించింది. బీరువా చూస్తారు. చెక్కకు ఒక్క చెదపురుగు పట్టలేదని చూస్తారు. పిల్లలను అడుగుతారు. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకుంటున్నాను. నేను ఎరుగుదునంటే ఇదంతా మొదలవుతుంది. ఎరగనంటే ఈ గదిలోనే ఆగిపోతుంది.

"ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది," అన్నాను. "మన క్లాసేనని మాత్రం చెప్పలేనండీ. ఎందరో వచ్చిపోతుంటారు."

సారమ్మ నా వైపు చూసింది. "నేను సారమ్మను సారూ. యాదికి లేనా?"

"లేదమ్మా."

ఆమె చూపు బల్ల మీదకు వెళ్ళింది. కలాలు పెట్టిన బుట్ట మీదకు. వడ్లకంకులు ఆమె వైపే ఉన్నాయి. రిజిస్టరు ఎక్కడుందో ఆ గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట కోసం చూస్తూ నిలబడ్డాను. భయపడ్డానో, అనాలని కోరుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను.

"రిజిస్టరు చెదలు తినేసిందమ్మా, ఏం చేస్తాం," అన్నాడు హెడ్మాస్టరు జాలిగా.

"తినుంటయి సారూ," అంది సారమ్మ. నా వైపు తిరిగి, "గంత మంది పిల్లలు, సారుకు మాత్రం ఎట్ల యాదుంటది" అంది. దండం పెట్టి వెళ్ళిపోయింది.

నేను ఆమెను కాపాడాల్సిన చోట ఆమె నన్ను కాపాడింది. గేటు దాకా పరుగెత్తి పిలవడానికి బోలెడు సమయం ఉంది. కాళ్ళు కదల్లేదని కథల్లో రాస్తారు. నా కాళ్ళు బాగానే కదిలాయి. క్లాసుకు వెళ్ళి ఐదో తరగతికి మామిడికాయ బొమ్మ వేయించాను.

తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఉద్యోగం పోయేదా? పోయేది కాదేమో. మందలించి ఊరుకునేవారు. ఆ కలగాపులగంలో ఎన్ని బడుల కాగితాలు ఎట్లా పోయాయో ఎవరికి తెలుసు? పోయేదల్లా నా పేరు. కొత్తగా వచ్చిన మెచ్చుకోలు. ఇంకొక ప్రశ్న ఉంది, దాన్ని ఎప్పుడూ చివరికే వాయిదా వేస్తాను. ఆ రోజు గుమ్మంలో నిలబడింది ఒక దొరగారి బిడ్డయితే, గుర్తులేదని అనగలిగేవాడినా? అనేవాడిని కాను. లేచి నిలబడి, "ఎందుకు తెలియదండీ" అనేవాడిని. సారమ్మను మరిచిపోవడం ఎవరూ తప్పుపట్టరని నాకు తెలుసు. తెలిసే మరిచిపోయాను. బడిలో ఆమెకు గోడ పక్కన చోటు చూపించింది ఎవరో నేను అడగలేదన్నాను కదా. ఆ రోజు చూపించింది మాత్రం నేనే.

హెడ్మాస్టరు బదిలీ అయినప్పుడు బుట్టను నేను అడిగి తెచ్చుకున్నాను. ఇష్టంగా ఇచ్చాడు. శిష్యుల మీద మీకెంత ప్రేమండీ అన్నాడు.

మళ్ళీ ఆమెను ఒక్కసారి చూశాను. కాలువ నీళ్ళొచ్చి మిర్యాలగూడలో మిల్లులు పెరిగిన రోజులు. ఎవరిదో పెళ్ళికి వెళ్ళి నడుస్తుంటే, ఒక మిల్లు ముందర ఆడవాళ్ళు వరుసగా కూర్చుని చెరుగుతున్నారు. ఒకామె చేట కింద పెట్టి లేచింది. జుట్టు కొద్దిగా నెరిసింది. నేను గుర్తుపట్టి తల దించుకునేలోపే నా ముందుకొచ్చి, పక్కవాళ్ళను పిలిచి, "మా సారు. నాకు సదువు జెప్పిన సారు" అని చూపించింది. అందరికీ వినపడేలా, గర్వంగా. పిల్లలు ముగ్గురట, ముగ్గురినీ బడిలో వేసిందట. కూతురి కాగితాలు ఎప్పటికప్పుడు తీసి పెట్టెలో పెడుతోందట. నవ్వుతూనే చెప్పింది. ఆ చివరి మాట నా కోసం అందో, మామూలుగా అందో తెలియదు. బాగున్నావా అన్నాను. బాగున్న సారూ అంది. అప్పుడు చెప్పాల్సింది. పదిమంది ఆడవాళ్ళ ముందు, పట్టపగలు, క్షమించమని అడగాల్సింది. బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.

ఆమె సంతోషంగానే ఉంది. అది నా కళ్ళతో చూశాను. ఆ సంతోషాన్ని ఎన్నోసార్లు నా ఖాతాలో వేసుకోవాలని చూశాను. నర్సయి ఉంటే ఏమయ్యేదో, ఇదే మేలేమో అని. ఎంత తెలివి చూడండి! ఆమె కష్టపడి కూడబెట్టుకున్న నవ్వును కూడా నేనే తీసుకుందామనుకున్నాను.

ఆమె ఇప్పుడు ఉందో లేదో తెలియదు. విచారించలేదు. ఉంటే వెళ్ళాల్సి వస్తుందని విచారించలేదు. అందుకని నాకు చేతనైన ఒక్క పని చేస్తున్నాను. ఆ రోజు రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఆనాటి పద్ధతిలోనే.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఆత్మకూరు దగ్గరి పల్లెకు చెందిన కుమారి సారమ్మ మా బడిలో ఏడవ తరగతి వరకు చదివి ఉత్తీర్ణురాలైనది. నడవడి మిక్కిలి మంచిది. చేతిపనిలో ఆమెను మించినవారు లేరు. ఉపాధ్యాయునికి సైతం నేర్పినది. ఈమెను నేను బాగుగా ఎరుగుదును."

కింద సంతకం చేయాలి. పేరు రాస్తే మా ఊళ్ళో అందరికీ తెలుస్తుంది. సంతకం లేని దాఖలా ఎక్కడా చెల్లదు, ఆ సంగతి నాకన్నా తెలిసినవాళ్ళు లేరు. చేయలేదు.

కానీ చివరి వాక్యం మాత్రం పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు. ఈమెను నేను బాగుగా ఎరుగుదును. రెండోసారి ఇంకొంచెం గట్టిగా చదివాను. ఆకలేసింది. లేచి వెళ్ళి అన్నం పెట్టుకున్నాను.